గ్రామా అని కొన్న చేప గ్రామా కాకపోతే

ప్రశ్న: మా ఇంట్లో 300 లీటర్ల రీఫ్ ట్యాంకు (ఉప్పునీటిలో చేపలతో పాటు పగడాలు పెంచే తొట్టి) రెండేళ్లుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. అందులో ఒక క్లౌన్ చేపల జంట, రెండు ఫైర్‌ఫిష్‌లు, పిస్టల్ రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురముండే పసుపు గోబీ ఒకటి, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. పగడాలన్నీ మెత్తని రకాలే. పది రోజుల కిందట, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు రంగులో ఉన్న ఒక చేపను చూపించి, అది రాయల్ గ్రామా అనీ, చాలా సాధువనీ దుకాణదారు చెబితే కొని తెచ్చి, సంచిని గంటసేపు నీళ్లలో తేలించి వదిలేశాను. మూడో రోజు నుంచి ఫైర్‌ఫిష్‌లు రాళ్ల చాటు విడిచి బయటికి రావడం మానేశాయి. వాటిలో ఒకటి నిన్న ఉదయం గచ్చు మీద ఎండిపోయి కనిపించింది. కొత్త చేప మాత్రం దర్జాగా తిరుగుతోంది. కొన్నాళ్లు ఆగితే పరిస్థితి సర్దుకుంటుందా? దాని ఫొటో జతచేస్తున్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆగితే సర్దుకోదు. మీరు పంపిన ఫొటో ఉండబట్టి ఇంత నిక్కచ్చిగా చెప్పగలుగుతున్నాను. మీరు కొన్నది రాయల్ గ్రామా కాదు, రాయల్ డాటీబ్యాక్. రెండూ వేలెడంత చేపలే, రెండింటికీ ముందు భాగం ఊదా, వెనక భాగం పసుపు. దుకాణాల్లో వెలిగే నీలి దీపాల కింద చూస్తే ఏళ్ల తరబడి చేపలు పెంచినవారు కూడా పొరబడతారు. కానీ ఈ పోలిక రంగుతోనే ఆగిపోతుంది. వీటి కుటుంబాలు వేరు, పుట్టిన సముద్రాలు వేరు, ఇరుగుపొరుగు చేపలతో మసలుకునే తీరు మరీ వేరు.

గుర్తుపట్టడానికి రెండు రంగులు కలిసే చోటును చూడాలి. గ్రామాలో ఊదా ఒక్కసారిగా పసుపుగా మారదు. నడుము దగ్గర పొలుసుల మీద చుక్కలు చుక్కలుగా మొదలైన పసుపు, తోక వైపు పోయేకొద్దీ చిక్కబడుతుంది. డాటీబ్యాక్‌లో మాత్రం రెండు రంగుల మధ్య గీత గీసినట్టు స్పష్టమైన హద్దు ఉంటుంది, మీ ఫొటోలో కనిపిస్తున్నది సరిగ్గా అదే. గ్రామా కంటి మీదుగా ఒక సన్నని నల్లని చార పోతుంది, వీపు మీది వాజం ముందు భాగంలో ఒక నల్లని మచ్చ ఉంటుంది, పొట్ట కింది వాజాలు ఊదా రంగులో పొడవుగా వేలాడుతుంటాయి. డాటీబ్యాక్‌కు ఆ మచ్చ లేదు; దాని వాజాలు చాలావరకు రంగు లేకుండా, వెనక ఏముందో కనిపించేటంత పలుచగా ఉంటాయి.

ఫొటో లేకపోయినా ఒక్క ప్రశ్నతో అనుమానం కలిగి ఉండేది. గ్రామా కరీబియన్ సముద్రపు చేప, అంటే అట్లాంటిక్‌కు చెందినది. డాటీబ్యాక్ ఇండోనేషియా నుంచి పశ్చిమ పసిఫిక్ దీవుల వరకు ఉన్న పగడపు దిబ్బల్లో దొరుకుతుంది. ‘ఈ చేపను ఎక్కడ పట్టారు?’ అని అడిగినప్పుడు ఇండోనేషియా అన్న జవాబు వస్తే, పేరు ఏదైనా చెప్పనివ్వండి, అది గ్రామా కాదు. ధర కూడా కొంత సాక్ష్యం చెబుతుంది: సగం భూగోళం దాటి మన ఊరికి చేరవలసిన చేప, పక్కనున్న మామూలు డామ్సెల్ చేపల ధరకు దొరుకుతోందంటే సందేహించవలసిందే. ఇంత మాత్రాన దుకాణదారు మిమ్మల్ని కావాలని మోసం చేశాడని నేను అనను. ఈ డాటీబ్యాక్‌కు వ్యాపారంలో ఫాల్స్ గ్రామా అనే పేరు కూడా చలామణిలో ఉంది. సరుకు నాలుగు చేతులు మారేసరికి ఆ పేరులోని మొదటి మాట రాలిపోవడం పెద్ద వింతేమీ కాదు.

ఇక దాని నడవడి సంగతి. నిజానికి గ్రామా కూడా పూర్తిగా సాధువు కాదు. తన గుహ దగ్గరికి ఎవరైనా వస్తే నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది. అయితే దాని పట్టుదల ఆ గుహతోనే సరి. డాటీబ్యాక్ అలా కాదు, తన కంటికి ఆనినంత మేరా తనదేనని అనుకుంటుంది. సముద్రంలో అది ఎవరినైనా తరిమితే, ఆ చేప పది అడుగులు పక్కకు పోయి మరో చోట బతుకుతుంది. తరిమినదీ అంతటితో వదిలేస్తుంది. నాలుగు అడుగుల గాజు గోడల మధ్య తరిమించుకున్న చేపకు పోవడానికి మిగిలే దారి ఒక్కటే, అది పైకి. ఫైర్‌ఫిష్ స్వభావమే బొరియ ముందు నిలబడి, ప్రవాహంలో కొట్టుకొచ్చే ఆహారాన్ని అందుకుంటూ, భయం వేస్తే చటుక్కున లోపలికి దూరడం. ఆ బొరియ దగ్గరే శత్రువు కాపు వేస్తే అది గాలిలోకి ఎగురుతుంది. మీకు గచ్చు మీద కనిపించిన చేపను డాటీబ్యాక్ కొరికి చంపి ఉండకపోవచ్చు, అయినా దాని చావుకు కారణం అదే. మొదటి రెండు రోజులూ ఏమీ జరగకపోవడానికీ ఇదే సమాధానం: కొత్తగా వచ్చిన చేప ముందు దాక్కుని పరిసరాలు తెలుసుకుంటుంది, ధైర్యం వచ్చాకే హద్దులు నిర్ణయిస్తుంది. అందువల్ల కొత్త చేప గురించి మొదటి రెండు రోజుల్లో ఏర్పడిన మంచి అభిప్రాయానికి నేను విలువ ఇవ్వను.

దానిని వలతో పట్టాలని చూడకండి. రాళ్ల సందుల్లో బతికే చేపను వలతో వెంటాడితే, అది తప్ప మిగిలినవన్నీ బెదిరిపోతాయి. రెండు లీటర్ల ఖాళీ నీళ్ల సీసా తీసుకుని, మెడ ఉన్న పై భాగాన్ని కోసి, తలకిందులు చేసి, మెడ లోపలికి ఉండేలా సీసాలో దూర్చి కట్టండి. నీరు ఆడడానికి పక్కలకు చిన్న రంధ్రాలు చేయండి. లోపల కాస్త మంచు కరిగించిన మైసిస్ అనే బుల్లి రొయ్యల మేత వేసి, ఆ చేప మకాం దగ్గర పెట్టి, రెండు రోజులపాటు ఆ సీసాలో తప్ప ట్యాంకులో ఇంకెక్కడా మేత వేయకండి. డాటీబ్యాక్‌కు ఉన్న ధైర్యమే ఇక్కడ మనకు పనికొస్తుంది, చాలాసార్లు అదే ముందుగా లోపలికి వెళుతుంది. క్లీనర్ రొయ్య ముందు దూరితే మెల్లగా బయటికి వదిలేసి మళ్లీ పెట్టండి. డాటీబ్యాక్ ఎంతకీ పడకపోతే, శుభ్రమైన డ్రమ్ములలోకి మూడింట రెండు వంతుల నీరు తోడి, రాళ్లు ఒక్కొక్కటిగా బయటికి తీయడమే మిగిలిన మార్గం. మీ ట్యాంకులోని పగడాల్లో జోయాంథిడ్‌లు (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తని రకం) ఉంటే చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి దిగకండి. వాటిలో కొన్నింటిలో ఉండే పాలీటాక్సిన్ చాలా తీవ్రమైన విషం; చేతి మీది చిన్న గాయం ద్వారానో, కంట్లో చిందిన నీటి ద్వారానో అది ఒంట్లోకి చేరవచ్చు.

ఈ లోగా చేయవలసిన పని మరొకటి ఉంది. ట్యాంకు పైన 6 మిల్లీమీటర్లకు మించని కన్నాలున్న ప్లాస్టిక్ జాలీని చట్రానికి బిగించి కప్పండి. గాజు మూత వేసి మూలన పైపుల కోసం రెండు అంగుళాల సందు వదలడం చాలామంది చేసే పొరపాటు, ఎగిరే చేప సరిగ్గా ఆ సందునే వెతుక్కుంటుంది. మిగిలిన ఫైర్‌ఫిష్ బయటికి వచ్చి మేత తినడానికి శత్రువు పోయాక కూడా వారం పట్టవచ్చు. అందువల్ల పంపు ప్రవాహం దాని చాటు వైపు సాగేలా చూసి, మేతను అక్కడికే చేర్చండి.

పట్టిన చేపను ఏం చేయాలని మీరు అడగలేదు కానీ చెప్పడం నా బాధ్యత. అది చెడ్డ చేప కాదు. దృఢమైనది, చిన్న చిన్న ముళ్ల పురుగులను ఏరి తినేది, తనకంటే పెద్దవైన దుడుకు చేపల మధ్య హాయిగా బతికేది. దుకాణదారుకు తిరిగి ఇవ్వండి, లేదా అటువంటి ట్యాంకు ఉన్నవారికి ఇవ్వండి. ఊదా రంగు మీద మనసు ఉంటే, ఎర్ర సముద్రానికి చెందిన ఆర్కిడ్ డాటీబ్యాక్‌లో హేచరీలో పుట్టి పెరిగిన దానిని వెతకండి. ఆ కుటుంబంలో కొంత నెమ్మదైనది అదే. అసలైన గ్రామా దొరికితే మీ ట్యాంకుకు ఒక్కటి చాలు, రెండోది వద్దు.

ప్రశ్న: కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచాలని అందరూ చెబుతారు. మాది 200 లీటర్ల ట్యాంకు, ఇల్లు చిన్నది, రెండో ట్యాంకుకు చోటు చూడడం కష్టం. నేను ఇష్టపడిన సిక్స్‌లైన్ రాస్ దుకాణంలో నెల రోజులుగా ఆరోగ్యంగానే ఉంది. అయినా విడిగా ఉంచాలా? పైగా ఈ చేప మంచిదని ఒకరు, ముట్టుకోవద్దని మరొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ రెండో సందేహం ముందు తీరుస్తాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ ఒకరు మొదటి ఆరు నెలల చేప గురించి, మరొకరు ఆ తర్వాతి చేప గురించి చెబుతున్నారు. చిన్నప్పుడు సిక్స్‌లైన్ రాస్ రాళ్ల మీది చదును పురుగులను, నత్తల మీద బతికే బుల్లి పరాన్న నత్తలను ఏరుకు తింటూ ఎవరి జోలికీ పోదు. ట్యాంకు తనదన్న నమ్మకం కుదిరాక, ఆ తర్వాత వచ్చే ప్రతి చేపనూ, అందులోనూ తన సైజులో ఉన్న వాటిని, విసుగు లేకుండా తరుముతుంది. శాంతంగా ఉన్న 200 లీటర్ల ట్యాంకులో నేనైతే దానిని వేయను. వేయక తప్పదనుకుంటే, మీరు కొనదలచిన చేపలన్నీ వేసిన తర్వాత అన్నింటికంటే చివరగా వేయండి. పురుగులను తినే చేపే కావాలనుకుంటే పసుపు కోరిస్ అని పిలిచే నిండు పసుపు రాస్ మేలు. అయితే అది రాత్రి ఇసుకలో పూడుకుని నిద్రపోతుంది కాబట్టి ట్యాంకు అడుగున రెండు అంగుళాల మెత్తని ఇసుక ఉండాలి, పైన జాలీ ఉండాలి.

ఇక విడి ట్యాంకు విషయం. అవును, నాలుగు వారాలు విడిగా ఉంచాలి. దుకాణంలో గడిపిన నెల రోజులను మీరు లెక్కలోకి తీసుకోవద్దు. చాలా దుకాణాలలో పది పదిహేను గాజు తొట్లకు కలిపి ఒకే నీరు తిరుగుతుంటుంది. మీ చేప ఉన్న నీటిలోకే వారం వారం కొత్త సరుకు దిగుతుంది. నీటిలో కొద్దిగా రాగి మందు కలిపి ఉంచే దుకాణాలూ ఉన్నాయి. ఆ మోతాదు రోగాన్ని చంపదు, పైకి కనిపించకుండా అణచి ఉంచుతుంది. చేప మీ ట్యాంకుకు వచ్చి ఆ మందు లేని నీటిలో పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది.

అందరూ తెల్ల చుక్కల జబ్బు అనే దానికి కారణమైన క్రిప్టోకారియాన్ అనే సూక్ష్మజీవి జీవన చక్రం తెలుసుకుంటే, ఆ నాలుగు వారాలు ఎందుకో మీకే అర్థమవుతుంది. చేప చర్మం కింద అది సుమారు 3 నుంచి 7 రోజులు మేస్తుంది, మనకు ఉప్పు రవ్వలా కనిపించేది ఆ దశే. ఆ తర్వాత రాలిపోయి రాళ్లకో ఇసుకకో అంటుకుని, గట్టి తిత్తి కట్టుకుని లోపల వందలుగా విభజన చెందుతుంది. చుక్కలు మాయం కాగానే జబ్బు తగ్గిందని మనం సంతోషించేది సరిగ్గా ఈ సమయంలోనే. తిత్తి పగిలి బయటికి వచ్చిన పిల్ల జీవులకు ఒకటి రెండు రోజుల్లోపు చేప దొరకాలి, లేకపోతే చస్తాయి. తిత్తి దశ సాధారణంగా మూడు నాలుగు వారాల్లో ముగుస్తుంది, కానీ 72 రోజుల వరకు సాగిన సందర్భం కూడా నమోదైంది. అందుకే ఒకసారి ఈ జబ్బు రీఫ్ ట్యాంకులో ప్రవేశిస్తే, చేపలన్నింటినీ బయటికి తీసి, ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఖాళీగా ఉంచవలసిందిగా పెంపకందార్లు లెక్క కట్టారు. దీనికి మందు లేక కాదు. రాగి బాగా పనిచేస్తుంది, కానీ చేపను బతికించే మోతాదులోని రాగి రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది; పైగా రాళ్లు దానిని పీల్చుకుని దాచుకుంటాయి. కనుక రాగిని రీఫ్ ట్యాంకులో వేయడం ఎప్పటికీ కుదరదు. మీ హాలులో ఒక మూల నెల రోజులపాటు చిన్న తొట్టి పెట్టుకోవడం కష్టమా, రెండున్నర నెలలు చేపలన్నింటినీ మరెక్కడో పోషించడం కష్టమా అన్నది మీరే తేల్చుకోండి.

ఆ తొట్టి పెద్దదేమీ కానక్కర లేదు. మీరు చెప్పినంత చేపకు 50, 60 లీటర్లు చాలు. పని అయ్యాక ఎండబెట్టి మంచం కిందికి తోయవచ్చు. అందులో ఇసుక, రాళ్లు వద్దు. ఒక హీటరు, దాక్కోవడానికి పి.వి.సి. పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు సరిపోతాయి. స్పాంజిని మాత్రం మూడు వారాల ముందే మీ ప్రధాన ట్యాంకు సంప్‌లో (ట్యాంకు నీరు శుద్ధి అయ్యే కింది తొట్టిలో) పడేసి ఉంచండి, మేలు చేసే బ్యాక్టీరియా దానికి పడుతుంది. అది పట్టని కొత్త తొట్టిలో చేప చావడానికి జబ్బు అవసరం లేదు, అమ్మోనియా చాలు. ఇసుకలో నిద్రించే రాస్ అయితే, ఒక గిన్నెలో మెత్తని ఇసుక పోసి తొట్టిలో ఉంచండి. అది లేకపోతే ఆ చేప భయంతో అడుగు గాజును రాసుకుని మూతి గాయపరచుకుంటుంది.

చేపను చూసుకుంటూ గడిపే ఈ నాలుగు వారాల్లో జబ్బు లక్షణం కనిపిస్తేనే రాగి వాడాలని కొందరు, లక్షణం లేకపోయినా వాడాలని కొందరు అంటారు. నేను మొదటి పక్షం వాడిని, కానీ ఒక హెచ్చరిక ఉంది. చేప ఒంటి మీద పసుపు బూడిద చల్లినట్టు కనిపించి, గుక్క తిప్పుకోలేకపోతుంటే అది వెల్వెట్ జబ్బు కావచ్చు. అది రోజుల్లో చంపుతుంది, ఆలోచించే వ్యవధి ఇవ్వదు. రాగి సల్ఫేటుతో చేసిన మందులకు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు అన్నది చాలాకాలంగా పాటిస్తున్న మోతాదు. ఇతర రకం రాగి మందులకు ఈ అంకె వర్తించదు, వాటి సీసా మీద ఉన్నదే పాటించాలి. ఏది వాడినా నీటిలో రాగిని కొలిచే కిట్ ఇంట్లో లేకుండా మొదలుపెట్టవద్దు. చుక్కలు లెక్కపెట్టి పోయడం కొలత కాదు.

అయితే విడి తొట్టిని నేను జబ్బుల కోసమే సిఫారసు చేయడం లేదు. మనకు తెలియని చేప ఎవరో, ఎలాంటిదో తెలుసుకునే గడువు అదే. పై ఉత్తరం రాసిన హైదరాబాదు పాఠకుడి దగ్గర ఆ తొట్టి ఉండి ఉంటే, పట్టపగటి వెలుతురులో పది రోజులు చూసి, అది గ్రామా కాదని ఆయనే కనిపెట్టి ఉండేవారు, ఫైర్‌ఫిష్ బతికి ఉండేది. ఆ వారాల్లో చేప నోటిని బాగా చూడండి. మూతి చివర చిన్నగా, పైకి తిరిగిన నోరు ఉన్నది ఎక్కువగా నీటిలో తేలివచ్చే మేతను అందుకునేది. పెద్ద నోటితో, కోర పళ్లతో ఉన్నది తన నోట్లో పట్టే చేపనల్లా మేతగానే చూస్తుంది. మరీ శాంతంగా కనిపించే లయన్‌ఫిష్ ఎవరినీ తరమదు, రాత్రి వేళ ఒక్కొక్కదాన్నే మింగుతుంది. గాజుకు బయట ఒక చిన్న అద్దం పెట్టి చూడండి. తన నీడ మీదికే దూకే చేప తన జాతి దానిని, తన రంగు దానిని సహించదన్న సంగతి మీకు తెలుస్తుంది. ఒక రొయ్యను మేతగా వేసినప్పుడు నమలకుండా మింగుతుందా, కొరికి చీల్చుతుందా చూడండి. దుకాణదారు చెప్పిన పేరు సరైనదా కాదా అని చిత్రాలతో పోల్చుకునేందుకూ ఈ వారాలు సరిపోతాయి. ఒక్క మాట: చాలా చేపల పిల్ల రూపం, పెద్ద రూపం ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. నీలి, తెలుపు వలయాలతో ఉన్న ఎంపరర్ ఏంజెల్ పిల్ల పెరిగాక పసుపు, నీలి చారలతో అడుగుకు పైగా పెరిగి పగడాలను కొరుకుతుంది. కాబట్టి పెద్ద రూపం చిత్రాన్ని కూడా చూడకుండా ఏ పిల్లనూ కొనకండి.

తొట్టిలోకి వదలడంలోనూ ఒక చిక్కు ఉంది. చాలా గంటలు సంచిలో ప్రయాణించిన చేప వదిలిన శ్వాస వల్ల ఆ నీటి పి.హెచ్. తగ్గుతుంది. తగ్గిన పి.హెచ్.లో అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పి.హెచ్. పెరుగుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. అందువల్ల విమానంలో వచ్చిన చేపను సంచి విప్పి, సన్న గొట్టంతో గంటల తరబడి చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవడం మేలు కాదు. సంచిలోని ఉప్పు ఎంతో దుకాణదారును ముందే అడిగి, విడి తొట్టిలో అంతే ఉంచి, సంచిని పదిహేను నిమిషాలు తేలించి ఉష్ణోగ్రతలు కలిశాక, చేపను మాత్రమే తీసి తొట్టిలో వేయండి, సంచి నీళ్లు పారబోయండి. ఊళ్లోని దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపకైతే నీళ్లు కలిపే పద్ధతే బాగుంటుంది. సముద్రపు నీటి సాపేక్ష సాంద్రత 1.025 అయితే చాలా దుకాణాలు అంతకంటే తక్కువలో నడుపుతాయి. ఎక్కువ నుంచి తక్కువకు దిగడం చేపకు తేలిక, తక్కువ నుంచి ఎక్కువకు ఎక్కడం కష్టం. కనుక పెంచవలసినప్పుడు రోజులు తీసుకోండి. మన వేసవిలో సంచిని స్కూటరు ముందు తగిలించుకుని రావద్దు, థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెచ్చుకోండి.

నాలుగు వారాలు గడిచాక కూడా నేరుగా ట్యాంకులోకి వదలకండి. కన్నాలున్న పారదర్శకమైన పెట్టెలో చేపను ఉంచి, పెట్టెను ప్రధాన ట్యాంకులోనే వేలాడదీసి మూడు నుంచి ఐదు రోజులు చూడండి. పాత చేపలు మొదట వచ్చి గాజును కొడతాయి, అది మామూలే. మూడో రోజుకు కూడా మేత మానేసి పెట్టె దగ్గరే కాపు కాస్తున్నది ఉంటే, వదిలాక ఏం జరుగుతుందో ముందే తెలిసినట్టే. వదిలే రోజు రెండు మూడు రాళ్లు అటూ ఇటూ మార్చితే పాతవాటి హద్దులు చెరిగి అందరూ కొత్తవారవుతారు. దీపాలు ఆర్పే వేళ, పాతవి కడుపు నిండా తిన్న తర్వాత పెట్టె తెరవండి.

ప్రశ్న: మా పిల్లలు ఆదివారం రుషికొండ దగ్గర రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటలో నుంచి పసుపు వీపు, నల్లని అడ్డ చారలు ఉన్న ఒక అంగుళం చేపను పట్టి తెచ్చారు. సముద్రపు చేపే కదా, మా రీఫ్ ట్యాంకులో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ వర్ణనను బట్టి అది సార్జెంట్ మేజర్ అని పిలిచే డామ్సెల్ చేప పిల్ల అయి ఉంటుంది. మన తూర్పు తీరంలో రాతి ఒడ్డులన్నింటా దాని జాతివి కనిపిస్తాయి. ఆటుపోట్ల గుంటలలో ఎండ వేడినీ, వాన నీటినీ తట్టుకుని పెరిగే చేప కనుక మీ ట్యాంకులో హాయిగా బతుకుతుంది. చిక్కు అక్కడే ఉంది. ఏడాది రెండేళ్లలో జానెడు పొడవు పెరిగి, తన చుట్టుపక్కల ఎవరినీ నిలవనివ్వదు. నేను మొదటి ట్యాంకు పెట్టినప్పుడు, నీరు పక్వానికి రావాలంటే, అంటే మేలు చేసే బ్యాక్టీరియా పెరగాలంటే, డామ్సెల్ వేయమన్న సలహా విని ఒక దాన్ని వేసి, చివరికి దాన్ని పట్టడానికి రాళ్లన్నీ విప్పవలసి వచ్చింది. కాబట్టి మీ పిల్లలతో కలిసి రేపే అదే గుంటలో వదిలిపెట్టండి. అయితే దానికి ముందు అది మీ ట్యాంకు నీటిలో కానీ, దుకాణపు చేపలున్న తొట్టిలో కానీ ఉండి ఉండకూడదు. ఇప్పటికే ఉంచి ఉంటే తిరిగి సముద్రంలో వదలవద్దు, వేరే ట్యాంకు చూడండి. పరాయి సముద్రపు రోగాలను, జీవులను మన సముద్రంలో కలపడం చిన్న విషయం కాదు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించిన లయన్‌ఫిష్ నేడు కరీబియన్ అంతటా వ్యాపించి అక్కడి చిన్న చేపలను మేస్తోంది. ఆ చేప పుట్టిల్లు మన ఇండో పసిఫిక్.

పిల్లలు గుంటల్లో చేతులు పెట్టేటప్పుడు రాయిలా కదలకుండా పడి ఉండే చేపలను ముట్టుకోవద్దని చెప్పండి. కొన్నింటి వీపు ముళ్లలో విషం ఉంటుంది. ఒడ్డున దొరికిన పగడం ముక్కలను, గుర్రపు చేపలను ట్యాంకు కోసం తేవద్దు. మన దేశంలో రాతి పగడాలకు, సముద్రపు గుర్రాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. స్థానికంగా పుట్టిన చేపే పెంచాలన్న కోరిక మెచ్చదగ్గదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను, కొన్ని డామ్సెల్‌లను హేచరీలో పునరుత్పత్తి చేయించే పద్ధతులు రూపొందించింది. అటువంటి హేచరీ చేపను అడిగి కొనండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. మా ట్యాంకులో ఒక టాంగ్ చేపకు తెల్ల చుక్కలు వచ్చాయి. క్లీనర్ రాస్ వేస్తే అదే తినేస్తుందని ఇక్కడి మిత్రులు చెప్పారు. దుకాణంలో ఒకటి ఉంది, నీలి నలుపు చారతో చాలా అందంగా ఉంది. తేవచ్చా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తేవద్దు. క్లీనర్ రాస్ చేప ఒంటి పైన పాకే పురుగులను, చనిపోయిన చర్మాన్ని, జిగురును తింటుంది. తెల్ల చుక్కల జీవి చర్మం పొర కింద ఉంటుంది కాబట్టి దాని నోటికి అందదు. పైగా సముద్రంలో రోజంతా వందల చేపలకు సేవ చేసి కడుపు నింపుకునే ఆ చేప, మీ ట్యాంకులోని అయిదారు చేపలతో అర్ధాకలితో మాడుతుంది. మామూలు మేతకు అలవాటు పడనివే ఎక్కువ. జబ్బుతో ఉన్న ట్యాంకులో కొత్త చేపను వేయడమంటే ఆ జీవికి మరొక ఆతిథ్యం ఇవ్వడమే.

ఇంకొక కారణం కూడా ఉంది. ఆ నీలి నలుపు చారనే అచ్చంగా తొడుక్కుని, అదే నాట్యం చేస్తూ దగ్గరికి వచ్చే వేరే చేప ఒకటుంది, బ్లెన్నీల కుటుంబానిది. శుభ్రం చేయించుకుందామని నిలబడిన చేప వాజాన్ని ఒక ముక్క కొరికి పారిపోతుంది. తేడా నోటిలో ఉంటుంది: అసలు క్లీనర్ రాస్‌కు నోరు మూతి చివరన, నకిలీదానికి ముక్కు కిందికి జారి ఉంటుంది. దుకాణంలో అడ్డంగా నిలబడి దాని మూతిని పక్క నుంచి చూడండి, కానీ ఏది తేలినా కొనకుండా ఇంటికి రండి. టాంగ్‌ను విడి తొట్టిలోకి మార్చి, పైన చెప్పినట్టు రాగి కొలత కిట్‌తో చికిత్స మొదలుపెట్టండి. మిగిలిన చేపల మీద చుక్కలు కనిపించకపోయినా వాటిని కూడా అదే తొట్టిలోకి తీయండి, ట్యాంకులో రొయ్యలు, పగడాలు మాత్రమే ఉంచి 76 రోజులు లెక్కపెట్టండి.